పచ్చగీత

మిర్యాలగూడలో పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తాను. కొన్న రెండో ఏడే నా ల్యాప్‌టాప్ తెర మీద నిలువునా పచ్చగీత పడింది. ఏ పెళ్లికూతురి ఫొటో తెరిచినా చెంప మీదుగానే పోయేది.

సూర్యాపేట సర్వీస్ సెంటర్‌కు వెళితే, కోదాడ టీచరమ్మ ఒకరు, మునగాల రైతు ఒకాయన అదే కంపెనీ ల్యాప్‌టాప్‌లతో, అదే గీతతో కూర్చుని ఉన్నారు. కంపెనీ ఒప్పుకుంటేనే తెర ఉచితంగా మారుస్తామన్నారు సెంటర్ వాళ్లు. ముగ్గురం కలిసి కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాం.

"ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది సార్. ఎక్కడో దెబ్బ తగిలి ఉంటుంది," అంది అవతలి అమ్మాయి.

"ఒక్కరేందమ్మా? గీడ ముగ్గురం ఉన్నం, జర సూడు!" అంటూ రైతు తన ల్యాప్‌టాప్‌ను ఫోన్ వైపు తిప్పాడు.

"ఫిర్యాదు రాసుకున్నాం సార్," అని ఆమె పెట్టేసింది.

టీచరమ్మ మళ్లీ చేసింది. ఈసారి వేరే గొంతు, "ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది మేడమ్," అంది. ల్యాప్‌టాప్‌లు సంచుల్లో పెట్టుకుని ఎవరి బస్సు వాళ్లం ఎక్కాం.