మేకుకు వేలాడిన మిషిను

మాది నారాయణపేట దగ్గర ఒక పల్లె. నా పెండ్లయిన కొత్తల సర్వేవాళ్లు వచ్చి, నేను రోజంతా ఎంత పొగ పీలుస్తున్ననో చూసెటందుకు ఒక చిన్న మిషిను నా మెడల ఏసిండ్రు. వాళ్లు గడప దాటంగనే మా ఆయన దాన్ని గుంజుకున్నడు.

"ఇంట్ల గ్యాసుండంగ పత్తికట్టె మీద వండుతున్నమని తెలిస్తె ఇజ్జత్ పోతది" అని తన మంచం పక్కన మేకుకు తగిలిచ్చిండు. గ్యాసు మీద జొన్నరొట్టెకు రుచి ఉండదని నాతోని కట్టెలపొయ్యి ముట్టిచ్చేది గూడ ఆయననే!

వారానికి సర్వే పిల్ల మళ్లొచ్చింది. మిషినుల లెక్క చూసి, "అక్కా, మీరు పీల్చే గాలి మంచిగనే ఉన్నది" అన్నది. ఆయన మీసం దువ్విండు. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల ముందటనే ఆయన చెయ్యి పట్టి, మండుతున్న కట్టెలపొయ్యికాడికి గుంజుకపోయిన.

"ఒక్క రొట్టె కాల్చు, చూస్త" అన్న.

రొట్టె తిరగేసే లోపలనే దగ్గుకుంట, కండ్లు తుడుసుకుంట వాకిట్లకు ఉరికిండు.

"చెల్లె, మీరు రాసుకున్నది గీయన పీల్చిన గాలి. నాది లోపలున్నది, పోయి పీల్చి చూడు" అన్న.

ఇప్పుడు గ్యాసు రొట్టెకు రుచి లేదని ఇంట్ల ఎవ్వరన్న అంటె నేను కొట్లాడ. లేచి, కట్టెలపొయ్యి ముందట వాళ్లకు జాగా ఇస్త.