అవ్వ కోసం కట్టిన చల్లటి పెట్టె

పెళ్ళయిన కొత్తలో, అంటే నా తల మీద జుట్టూ, నాలుగు వీడియోలు చూస్తే ఏ పనైనా చేసేయొచ్చన్న ధీమా రెండూ పుష్కలంగా ఉన్న రోజుల్లో, సర్జాపుర రోడ్డులోని మా అపార్టుమెంటు వెనక ఖాళీ స్థలంలో నేనొక చక్రాల గది కట్టాను. జీపు వెనక తగిలించుకుని లాక్కుపోయే ట్రైలరన్నమాట. కారణం మాతోనే ఉండే మా ఆవిడ వాళ్ళ అవ్వ. ప్రతి మే నెలలో కడప దగ్గర జరిగే ప్రార్థన సభలకు వెళ్ళి డేరాలో పడుకుని రావడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ఏడు, నర్సైన మా ఆవిడ అడ్డం తిరిగింది. "పోయినేడు ఎండదెబ్బకు సెలైన్ ఎక్కించినాం. ఈసారి వద్దే అవ్వా" అంది. అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. "చల్లటి గదిలో కూర్చోబెట్టి నేను తీసుకెళ్తాను, చూస్తూ ఉండండి" అని మాటిచ్చేశాను.

చక్రాలూ ఫ్రేమూ వెల్డింగ్ షెడ్డులో కట్టించాక మిగతాదంతా నా ప్రతాపమే. ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్, దాని మీద తళతళలాడే సిల్వర్ షీటు, మళ్ళీ ప్లైవుడ్. వేడి దూరే సందు మిగలకూడదని ప్రతి అతుకునూ సిలికాన్‌తో మూసేశాను (సగం నా చొక్కాలకే అంటింది). మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే "పెట్టెలోనే ఉండాడా?" అని అవ్వను అడిగేది. మార్చి ఎండలో పరీక్ష పెట్టాను. పొద్దున లోపల ఉంచిన ఐసుగడ్డ సాయంత్రానికి అంచులు మాత్రమే కరిగింది. గంతులేశాను.

వెంటనే వాళ్ళిద్దరినీ లోపల కూర్చోబెట్టి, నేనూ దూరి తలుపు బిగించాను. కాసేపటికి నా కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. ఇంకాసేపటికి ముగ్గురం ఇడ్లీల్లా ఉడుకుతున్నాం. అవ్వ కొంగుతో విసురుకుంటూ, "ఐసుగడ్డ ఊపిరి తీస్తాదా అప్పా? నేను తీస్తా ఉండాను గదా!" అంది.

"బయటి వేడి లోపలికి రాలేదు, లోపలి వేడి బయటికి పోలేదు. నీ పెట్టెకేం లోటు లేదులే" అంది మా ఆవిడ.

పరువు పోయినా పట్టు పోలేదు. అంత ముద్దుగా మూసిన పైకప్పుకు నా చేతులతోనే రంపం పెట్టి కన్నం కోసి, వేడిగాలిని లాగేసే ఫ్యాను బిగించాను. కోస్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది. కింద గాలి రావడానికి జాలీ, కప్పు మీద జానెడు ఎత్తున నీడకు తెల్లగుడ్డ. మా ఆవిడ లోపల థర్మామీటరు పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా కాపలా కాసి, చివరికి "సరే, పోదాం" అంది.

తీరా వెళ్ళాక అవ్వ ఆ పెట్టెలో కుదురుగా కూర్చుంటే ఒట్టు! ఏడాదికోసారి కనబడే తన జట్టు ముసలమ్మలతో పందిట్లోనే ఉండేది. ఎండ నెత్తికెక్కిన వేళ మాత్రం జట్టునంతా వెంటేసుకొచ్చింది. "మా మనవరాలి మొగుడు కట్టినాడు. లోపల సల్లగా ఉండాది, రాండి" అని అందరినీ ఎక్కించింది. "అంతమంది ఎక్కితే వేడెక్కుతుంది అవ్వా!" అని మొత్తుకున్నాను. ఎవరు వింటారు? తలుపు బార్లా తెరిచి కీర్తనలు అందుకున్నారు. నా థర్మోకోల్ కష్టమంతా గాలికి పోయింది. అవ్వ ముఖం మాత్రం వెలిగిపోతోంది. మా ఆవిడ తెచ్చిన సెలైన్ సీసా మూత తీయకుండానే ఇంటికొచ్చింది.

కొన్నేళ్ళకు అవ్వ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ట్రైలరు ఇంకా అపార్టుమెంటు వెనకే ఉంది. ఫ్యాను ఎప్పుడో ఊడిపోయింది, వానొస్తే అవ్వకు ఊపిరాడాలని కోసిన ఆ కన్నంలోంచి ధార కడుతుంది. "అంత సిలికాన్ పూసినోడివి, అదొక్కటీ మూసేయొచ్చు గదా" అంటుంది మా ఆవిడ. నేను బట్టతల తడుముకుంటూ నవ్వి, బకెట్ తీసుకెళ్ళి దాని కింద పెట్టి వస్తాను.