ఎస్తేరు గారి గమ్‌బూట్లు

నలుగురూ కలిసి పనిచేయడం ఎలాగో పుస్తకంలో చదివి, ఉన్న ఒక్క జట్టునూ రెండుగా చీల్చిన ఘనుణ్ణి నేను. ఇప్పటికీ సాయంత్రం షెడ్డులో పైపు పట్టుకుంటే, రబ్బరు బూట్ల మీద పడే నీళ్ళ చప్పుడుకీ, వాటిలోంచి లేచే చేపల నీచువాసనకీ నా ఘనకార్యమూ, మా ఎస్తేరు గారూ జంటగా గుర్తొస్తారు.

మాది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినందువల్ల కన్నీళ్ళు అలవాటే గాని, చేపలు కావు. అయినా ఏలూరు దగ్గర, కొల్లేటి చెరువుల చేపలను ఐసులో సర్ది లారీలకెక్కించే షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను. మేనేజరు ఎస్తేరు గారు. ఆవిడ బల్ల మీద ఎప్పుడూ రెండు పుస్తకాలుండేవి. ఒకటి ఉద్యోగాల చోట కలిసి పనిచేయడం గురించి, రెండోది క్రీస్తు బోధల గురించి. భోజనాలయ్యాక ఇష్టమున్నవాళ్ళం చుట్టూ చేరితే, ఏదో ఒకదాంట్లోంచి ఒక పేజీ పైకి చదివించేవారు. చదివినవాళ్ళు ఆ పేజీ మన షెడ్డులో ఎక్కడ కనిపించిందో చెప్పాలి. చెప్పలేకపోతే మర్నాడు మళ్ళీ అదే పేజీ. అందుకే మా చదువు నత్తతో పోటీపడేది.

ఓపికలేక నేను మొదటి పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి, పోటీ పెడితే పని జోరందుకుంటుందన్న చోటిదాకా చదివి మూసేశాను. మర్నాడే ప్యాకింగువాళ్ళను రెండు జట్లు చేసి, ముందు ముగించినవాళ్ళకు మిఠాయి అన్నాను. జోరు అందుకున్న మాట నిజమే. ఒక జట్టు ఐసంతా తనవైపు లాగేసుకుంది. రెండో జట్టు దగ్గర శీలావతి చేపలు మెత్తబడసాగాయి. బయట కలకత్తా లారీ సిద్ధంగా ఉంది. కాస్త ఐసు అటివ్వమని, మొదటి జట్టులో ఉన్న, ప్యాకింగులో పెద్దదిక్కయిన నాగమణిని బతిమాలాను.

"ఇస్తే ఓడిపోతాం కదండీ. పోటీ పెట్టింది మీరే కదండీ" అంది.

సరుకు పాడైతే, లారీ కలకత్తా చేరేలోపే నేను ఉద్యోగం పోగొట్టుకుని గూడెం చేరతాను.

ఇంతలో ఎస్తేరు గారు వచ్చారు. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, గమ్‌బూట్లు తొడుక్కుని, పారతో ఐసు అటునుంచి ఇటు వేయడం మొదలుపెట్టారు. కాసేపటికి నాగమణి కూడా తలవంచుకుని ఇంకో పార అందుకుంది. లారీ కదిలాక ఎస్తేరు గారు నావైపు తిరిగారు.

"సుబ్బారావు గారూ, పుస్తకం సగమే చదివినట్టున్నారండి."

మర్నాడు చదివే వంతు నాకే వచ్చింది. రెండో పుస్తకంలో, గురువు వంగి శిష్యుల పాదాలు కడిగిన పేజీ. మన షెడ్డులో ఎక్కడ కనిపించిందని అడిగితే, ఎక్కడా లేదన్నాను. అయితే సాయంత్రం మీరు చూపించండి అన్నారు. ఆ సాయంత్రం పైపు పట్టుకుని అందరి బూట్లూ కడిగాను. మడమ దగ్గర పొలుసుందండీ అంటూ నాగమణి కాలు ఇటూ అటూ తిప్పి చూపించింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తరవాత ఐసు దానంతటదే అందరికీ అందింది. పైపు నా చేతిలో ఉండిపోయింది. ఎస్తేరు గారు మాత్రం తన బూట్లు ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కారు.

ఆవిడ రిటైరైన రోజు మెడలో దండతోనే, గమ్‌బూట్లు తొడుక్కుని చివరిసారి షెడ్డంతా తిరిగారు. తలుపు దగ్గర పైపుతో కాచుకుని ఉన్నాను. ఆవిడ చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నారు.

"వద్దండీ, మీరు నా కాళ్ళ దగ్గరేవిటండీ."

పాదాలు కడిగిన ఆ కథలోనూ ఒక శిష్యుడు ఇలాగే వద్దంటాడు. గురువు ఒప్పుకోడు.

"మేడం గారూ, పుస్తకం సగమే చదివినట్టున్నారండి" అన్నాను.

నాగమణి కుర్చీ తెచ్చి వేసింది. ఎస్తేరు గారు కూర్చుని కాళ్ళు చాపారు. పొలుసు ఒక్కటీ లేకపోయినా, ఆ బూట్లను మడమల దాకా తీరిగ్గా కడిగాను.