పోస్టరు ముందు వంగడం

కాశీబుగ్గ లైబ్రరీలో పాత పత్రికల కట్టలు విప్పుకోవడానికి నాకు అనుమతి ఉండేది. పదో తరగతితో చదువు ఆగిపోయినవాణ్ణి. అక్కడ చదివింది ఎవరికో ఒకరికి చెబితేగాని నిద్రపట్టేది కాదు. మా ఊళ్లో ఏ సందేహం వచ్చినా "ఆణ్ణి అడగండి, పుస్తకాలు సూసినోడు" అనేవాళ్లు. ఆ మాట కోసమే చదివానేమో అని ఇప్పుడనిపిస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా చెల్లి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్లేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు తోటల మధ్య ఇద్దరు సైకిళ్ల మీద వెంటపడడం మొదలుపెట్టారు. నాన్న పని మానిపించబోయాడు. సరిగ్గా అప్పుడే ఒక కరాటే మాస్టరు మా చర్చి ఆవరణలో ఆడపిల్లలకు క్లాసు పెట్టాడు. "అది నేర్సుకున్నన్నాళ్లూ పనికెల్లు. అది మానేత్తే ఇదీ మానేయాల" అన్నాడు నాన్న. జీడి చమురుకు నల్లబడ్డ వేళ్లతో పిడికిలి బిగించి చెల్లి అందరికంటే ముందు వరసలో నిలబడేది.

క్లాసు మొదలయ్యే ముందు మాస్టరు గోడకు ఒక పోస్టరు తగిలించేవాడు. అందులో గాలిలోకి కాలెత్తిన విదేశీ సినిమా హీరో. పిల్లలందరూ అతనికి నడుము వంచి నమస్కరించాకే పాఠం. చర్చి గోడ మీద బొమ్మకు మొక్కడమేమిటని సంఘ పెద్దలకు చుర్రుమంది. మొక్కడం కాదు, గురువుకు మర్యాద అన్నాడు మాస్టరు. దాంతో తగువు ఆ బొమ్మలోని మనిషి మీదికి మళ్లింది. అతను నిజంగా విద్య తెలిసినవాడైతే మర్యాద అని సరిపెట్టుకోవచ్చు. ఉత్త నటుడైతే మా పిల్లలు చర్చిలో సినిమా బొమ్మకు వంగినట్టే.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పిలిపించారు. పెద్దలందరూ కూర్చుని ఉన్నారు. గుమ్మం దగ్గర చెల్లి నిలబడి ఉంది.

"నువ్వు సదివినోడివి, సెప్పు. ఈ బొమ్మలోనోడు నిజంగా కొట్టగలడేటి, లేపోతే మన హీరోల్లాగ సేతులూపడమేనా?" అన్నాడొక పెద్దాయన.

"మన హీరోలు సెయ్యూపకపోయినా రౌడీలు పడిపోతారు మావా" అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు.

నేను రెండు రకాలుగానూ చదివాను. అతను చిన్న వయసు నుంచీ గట్టి సాధన చేశాడని ఒక చోట ఉంది. పోటీల బరిలో దిగనివాడి సత్తా ఇంతని ఎవరూ తేల్చలేరని ఇంకో చోట ఉంది. కెమెరా వేగం మార్చడం, తీగలు కట్టి ఎగరేయడం, దెబ్బ తగలకముందే ఎలా పడాలో నేర్పడం గురించి ఆ వారమే చదివాను. అవి చెబితే నోళ్లు తెరుచుకుని వింటారు. తెలియదంటే ఎవరు వింటారు?

"అంతా సినిమా ట్రిక్కండి" అని మొదలుపెట్టాను. చాలాసేపు చెప్పాను. మధ్యలో ఒకసారి గుమ్మం వైపు చూశాను. చెల్లి నా మొహంలోకే చూస్తోంది. అయినా ఆపలేదు.

మాస్టరు పోస్టరు తీసేశాడు. అది లేకుండానే నేర్పుతానంటే పాస్టరుగారు సరేనన్నారు కూడా. కానీ అప్పటికే 'సినిమా గెంతులు' అన్న మాట ఇంటింటికీ చేరింది. తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని ఆపేశారు. చివరికి చెల్లి ఒక్కతే మిగిలింది. ఒక్క పిల్లకు క్లాసేమిటన్నారు పెద్దలు. మాస్టరు టెక్కలి వైపు వెళ్లిపోయాడు.

నేను దాచుకున్న సగం చెప్పడానికి ఇల్లిల్లూ తిరిగాను. అతను నిజంగానే సాధన చేసినవాడన్నాను.

"మరి ఆ రోజు ట్రిక్కులన్నావు. ఈ నాలుగు రోజుల్లో నేర్సేసుకున్నాడేటి?" అని నవ్వారు.

సాయంత్రాలు చెల్లిని నేనే తీసుకొస్తానని నాన్నను బతిమాలాను. "ఎన్నాళ్లు తెత్తావు?" అన్నాడు. ఆయన అన్న మాట ప్రకారమే పని మానిపించాడు.

కొన్నాళ్ల తర్వాత చెల్లి పెరట్లో కూర్చుని చీపురు కోసం కత్తితో కొబ్బరి ఈనెలు గీస్తోంది. నేను పుస్తకం పట్టుకుని అరుగు మీద ఉన్నాను. తలెత్తకుండానే అడిగింది.

"అన్నియ్యా, ఇంతకీ ఆయన నిజంగా కొట్టగలడేటి?"

"తెలీదమ్మా. ఎవులికీ తెలీదు."

కత్తి ఆగింది.

"ఆ ముక్క ఆ రోజు సెప్పుంటే సరిపోయీది."

పుస్తకం పక్కన పెట్టి, దిగి, నేనూ ఒక కొబ్బరాకు అందుకున్నాను. గీయబోతే ఈనె రెండుగా విరిగింది. చెల్లి నా చేతిలోంచి ఆకు లాక్కుంది.

"ఉండు, నీకు రాదు" అంది.