వెల్లుల్లి తినేసిన వేలిముద్ర

నాచారం బస్సులో లూర్దమ్మ పక్కన సీటు దొరికినవాళ్ళు ముందు సంతోషంగా కూర్చుంటారు. రెండు స్టాపులు దాటేసరికి ముఖం అటు తిప్పుకుంటారు. ఆమె చేతులు రెండూ కొంగులో చుట్టుకుంటుంది. ఆ వాసన సబ్బుకు పోదు, నిమ్మచెక్కకు పోదు, చింతపండు పెట్టి తోమినా పోదు. ఆదివారం చర్చిలో అందరూ ఫాదరిచ్చే సత్ప్రసాదం చేతిలో పుచ్చుకుంటుంటే ఆమె మాత్రం నాలుక చాస్తుంది. ఎంత భక్తో అనుకుంటారు జనం. భక్తి సంగతి దేవుడికెరుక, కారణం మాత్రం వెల్లుల్లి.

పగలు ఆమె మసాలా పొట్లాలు కట్టే కంపెనీలో పనిచేస్తుంది. భర్త అబ్రహాం పారిశ్రామికవాడలో లారీలకు సరుకెత్తే హమాలీ. ఇద్దరి సంపాదనా అద్దెకు, బియ్యానికి, బిడ్డ ఫెబా బడికి సరిపోతుంది. సరిపోని నెలలో సరిపోయిందని అనుకుంటారు. వెల్లుల్లి పైసంపాదన. సత్తమ్మ అనే ఆవిడ ఉప్పల్ నుంచి ట్రాలీ ఆటోలో బస్తాలు తెచ్చి ఇంటింటికీ దించుతుంది. నానబెట్టి, పొట్టు తీసి, తెల్లటి రెబ్బలు అప్పగిస్తే కిలోకు ఇంతని ఇస్తుంది. ఆ ఇచ్చేదెంతో చెబితే హోటల్లో కూర్చున్నవాళ్ళకు ముద్ద దిగదు కాబట్టి చెప్పను.

ఆ పైడబ్బంతా ఒకే ఒక్క పనికి. ఫెబాకు సముద్రం చూపించాలి.

పూటకు పూట వెతుక్కునేవాళ్ళకు సముద్రం షోకేమిటని కొందరు అన్నారు కూడా. అన్నవాళ్ళకు ఫెబా కళ్ళ సంగతి తెలియదు. ఆ పిల్లకు పదకొండేళ్ళు. చిన్నప్పటి నుంచి పొద్దుగూకితే తడుముకునేది. రేచీకటేలే అని ఆకుకూరలు తినిపించారు. తరువాత పట్టపగలు కూడా గుమ్మాలు తగలడం మొదలైంది. ఎదురుగా ఉన్న పుస్తకం గడగడా చదివేది, పక్కనున్న నీళ్ళచెంబు తన్నేసేది. "కండ్లు నెత్తికెక్కినయా?" అని లూర్దమ్మ వీపు మీద రెండుమూడుసార్లు చరిచింది కూడా. ఆ దెబ్బలు ఇప్పుడు ఆమెకే తగులుతున్నాయి.

పెద్ద కళ్ళ దవాఖానాలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, చూపు చుట్టూ నుంచి మూసుకుపోతోందని, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంత మాత్రమే మిగిలిందని, దీనికి మందు లేదని చెప్పింది. "చూపించాలనుకున్నవి తొందరగా చూపించండమ్మా," అంది.

ఏం చూడాలనుందని అడిగితే ఫెబా సముద్రం అంది. మోషే కర్ర చాపితే సముద్రం రెండుగా చీలిన కథ చర్చిలో పిల్లలకు చెప్పారట.

"అమ్మా, సముద్రం మన రామంతాపూర్ చెరువంత ఉంటదా?"

"ఇంకా పెద్దగుంటది బిడ్డా."

"ఎంత పెద్దగ?"

లూర్దమ్మ కూడా సముద్రం చూడలేదు. ఆమె పుట్టింది జనగామ వైపు పల్లెలో, మెట్టింది నాచారంలో. ఆ రెంటి మధ్య బస్సు కిటికీలోంచి కనిపించిందే ఆమె చూసిన లోకం.

ఆ రోజు నుంచి వెల్లుల్లి పట్టింది. మొదటిసారి కూడబెట్టిన డబ్బు మరిది కడుపు ఆపరేషనుకు పోయింది. రెండోసారి అబ్రహాం కాలి మీద బస్తా జారిపడి మంచానికి అతుక్కుపోతే, ఆ నెలలన్నీ ఆ డబ్బే కుండలో ఉడికింది. రెండుసార్లూ ఏటీఎంలో కార్డు పెట్టింది లూర్దమ్మే. కార్డు పెడుతూ ఏడ్చింది. మళ్ళీ పరీక్షకు వెళ్తే ఫెబా చూపు గొట్టం ఇంకా సన్నబడిందని తేలింది. వచ్చే ఏడాది సంగతి చెప్పలేనని డాక్టరమ్మ తల దించుకుంది.

ఇంటికొచ్చి లూర్దమ్మ కత్తెర తీసుకుని కార్డును ముక్కలు ముక్కలు చేసింది.

"ఏమే, పిచ్చి లేసిందా?" అన్నాడు అబ్రహాం.

"మన ఇంట్ల ఆపతి ఎప్పుడు లేదు చెప్పు? కార్డుంటే నా చెయ్యి ఆగదు. ఇగ నా బొటనేలు పెడితెనే పైసలు రావాలె. ఆ ఏలు గూడ రైలెక్కే దినమే పెడత."

వీధి చివర జిరాక్స్ దుకాణంలో ధర్మేందర్ అనే కుర్రవాడు బ్యాంకు మిషను పెట్టుకుని ఉంటాడు. వేలు పెడితే ఖాతాలో డబ్బు చేతికిస్తాడు. సత్తమ్మ ఇచ్చిన నోట్లు లూర్దమ్మ ఎప్పటికప్పుడు అతనికిచ్చేది. అతను తన ఫోనులోంచి ఆమె ఖాతాకు పంపేవాడు. దానికి వేలు అక్కర్లేదు. సెలవుల్లో విశాఖకు రెండు స్లీపరు టికెట్లు కూడా ఆ నోట్లలోంచే అతను తీసిపెట్టాడు, తల్లికీ పిల్లకీ. శనివారం సాయంత్రం సికింద్రాబాదులో ఎక్కడం, సోమవారం సాయంత్రం తిరుగు రైలు. అబ్రహాం వస్తే కూలి పోతుంది, టికెట్టూ దండగ. గదికి, తిండికి, బస్సులకు బ్యాంకులో డబ్బుంది. లూర్దమ్మ దాన్ని తాకలేదు. మధ్యలో గ్యాసు అయిపోయి కట్టెల మీద వండిన వారంలో కూడా తాకలేదు.

ఆ శనివారం సగం పూట సెలవు పెట్టి, తల దువ్వుకుని, ధర్మేందర్ దుకాణానికి వెళ్ళింది. పేరంటానికి వెళ్ళినంత హుందాగా బొటనవేలు మిషను అద్దం మీద పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"మ్యాచ్ అయితలేదక్కా. తుడ్సుకొని మళ్ల పెట్టు."

తుడుచుకుని పెట్టింది. మళ్ళీ ఎర్రలైటే.

"నెత్తికి రాయక్కా, జర నూనె అంటుతది. పింఛిన్ల ముసలోళ్లకు గట్లనే చెప్త."

నెత్తికి రాసి పెట్టింది. ఎడమ బొటనవేలు పెట్టింది. చూపుడువేలు పెట్టింది. పది వేళ్ళూ వరసగా పరీక్షకు కూర్చున్నాయి, పదీ తప్పాయి. ధర్మేందర్ ఆమె చేతిని వెలుతురులోకి తిప్పి చూశాడు. వేలికొసలు నున్నగా, పాలిపోయి, అక్కడక్కడ తోలు లేచి ఉన్నాయి. గీత అన్నది లేదు.

"ఏం పని జేస్తవక్కా?"

"ఎల్లిగడ్డ పొట్టు తీస్త."

"గదే. ఆ రసం గీతలన్ని తినేసింది. కొన్ని దినాలు పని బంద్ పెడితే మళ్ల వస్తయి. లేకుంటే సోమారం పాసుబుక్కు పట్టుకొని బ్యాంకుకు పో, సార్లు సూస్తరు."

"నా రైలు ఇయ్యాల్నే తమ్మీ!"

రెండో శనివారం, బ్యాంకు మూత. మర్నాడు ఆదివారం. "నా చేతుల ఉంటె ఇయ్యనా అక్కా? గల్లాపెట్టె మా బావది," అని ధర్మేందర్ నీళ్ళు నమిలాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే అయింది. ఎవరూ తీయకూడదని దాచిన డబ్బు, దాచుకున్న మనిషికే అందకుండా పోయింది. తీసింది మరిదీ కాదు, మొగుడూ కాదు. ఏ వెల్లుల్లి ఆ డబ్బు సంపాదించి పెట్టిందో అదే తాళంచెవి మింగింది. లూర్దమ్మ ఆ వేలిని నోట్లో పెట్టుకుని కొరికింది. కొరికితే గీతలు వస్తాయా?

సత్తమ్మకు ఫోను చేసింది. "సోమారమే లెక్కలు సూస్త, ఎరుక లేదా?" అని సత్తమ్మ పెట్టేసింది. అబ్రహాంకు కూలిచ్చే సేటు ఊళ్ళో లేడు. కంపెనీలో తోటి ఆడవాళ్ళ దగ్గర అడగడానికి ముఖం చెల్లలేదు, మరిది ఆపరేషనప్పుడు తెచ్చినవే ఇంకా కొన్ని తీరలేదు. ఎండలో నడిచి ఇల్లు చేరింది.

అబ్రహాం అంతా విని గోడకు చేరగిలబడ్డాడు. "టికెట్లు కాన్సిల్ జేద్దాం తియ్యి. సెలవులు అయిపోకముందే ఇంకోపారి..."

"ఇంకోపారా? రెండుపార్లు అన్నవ్ గదా ఇంకోపారని!" లూర్దమ్మ అతని మీదికి లేచింది. "పైసలు మళ్ల వస్తయయ్యా. ఆ కండ్లు వస్తయా?"

అని అరిచి, లోపల పిల్ల ఉందని గుర్తొచ్చి నోరు నొక్కుకుంది. ఫెబాకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు. కళ్ళు కొంచెం బలహీనమని మాత్రమే చెప్పారు. లూర్దమ్మ పరుగున గదిలోకి వెళ్ళింది.

పిల్ల నేల మీద కూర్చుని సంచి సర్దుతోంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. గౌను తడిమి మడత పెట్టింది, దువ్వెన తడిమి పక్క జేబులో పెట్టింది, తువ్వాలు అంచులు వేళ్ళతో కలిపి చూసుకుంది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"కండ్లు మూసుకొని సదురుతున్ననమ్మా. అలవాటు జేసుకోవాలె గద," అంది ఫెబా మామూలుగా, రేపటి హోంవర్కు సంగతి చెప్పినట్టు. "ఇస్కూల్ బ్యాగు గూడ గిట్లనే సదురుత. నాకు వస్తున్నది, సూడు."

ఎన్నాళ్ళ నుంచి సాధన చేస్తోందో! తల్లి పొట్టు తీస్తూ గోడ అవతల కూర్చున్నప్పుడల్లా ఈ పిల్ల ఇక్కడ చీకటి నేర్చుకుంటోంది. లూర్దమ్మకు ఏడుపు కూడా రాలేదు. వంటింట్లోకి పోయి కుండలో ఉన్న బియ్యమంతా కడిగి పొయ్యి మీద పెట్టింది.

"రైలుకు టికెట్లున్నయి. సముద్రం ఏమన్న ఏలు పెట్టమంటదా?" అంది, చింతపండు పిసుకుతూ. పిండిన పులుసు వేళ్ళకు భగభగ మండింది. "టేషన్లనే పంటం. పులిహోర తింటం."

అబ్రహాం లేచాడు. జేబులో ఉన్నవి, పోపులడబ్బాలో ఉన్నవి కలిపి కాగితంలో చుట్టి ఆమె బొడ్లో దోపాడు. ఎన్నని ఇద్దరూ చూడలేదు.

రైలు కదిలాక చీకటి పడింది. ఫెబాకు ఇక ఏమీ కనబడదు. నీళ్ళకు వెళ్ళిన తల్లి తిరిగొచ్చి పక్కన కూర్చోగానే, పేరు పిలవకుండానే ఆ పిల్ల చేయి చాచి ఆమె వేళ్ళు పట్టుకుంది.

"నేనని ఎట్ల ఎరుక?"

"వాసన," అంది ఫెబా, ఆ వేళ్ళను ముక్కు కింద పెట్టుకుని. "నువ్వు ఏడున్నా నాకు దొరుకుతవ్." ఎదురు బెర్తులోని ఆవిడ ముక్కుకు చీరకొంగు అడ్డం పెట్టుకుంది. లూర్దమ్మ ఆ రాత్రి చేతులు కొంగులో దాచుకోలేదు.

మర్నాడు పొద్దున ఎవరినో అడిగి, తప్పు బస్సెక్కి, దిగి, నడిచి, చివరికి ఇసుక మీదికి వచ్చారు. ఫెబా చెప్పులు విడిచి నిలబడింది. ఆ పిల్ల దేన్ని చూసినా ముందు అంచు వెతుక్కుంటుంది. నల్లబల్లకైనా, అన్నం కంచానికైనా ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా మెల్లగా తల తిప్పితే తప్ప ఆ వస్తువు మొత్తం ఆమెకు రాదు. ఇక్కడా అలాగే తల తిప్పింది. ఎడమకు తిప్పింది, ఇంకా తిప్పింది. కుడికి తిప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. ముఖంలో కంగారు మొదలైంది. లూర్దమ్మ సముద్రాన్ని చూడడం లేదు, ఆ ముఖాన్నే చూస్తోంది. ఆలస్యమైపోయిందా అనుకుంది.

"అమ్మా, అంచు దొర్కుతలేదు." ఫెబా తల్లి చేయి పట్టుకుంది. "నాకు మొత్తం కనవడ్తలేదా, నా కండ్లు ఇంక గింతేనా?"

లూర్దమ్మ అప్పుడు తలెత్తి మొదటిసారి సముద్రాన్ని చూసింది. ఎడమకు చూసింది, కుడికి చూసింది. జబ్బు లేని కళ్ళతో చూసింది.

"నాకు గూడ కనవడ్తలేదు బిడ్డా."

"నీగ్గూడనా?"

"ఒట్టు. ఎవ్వరికి కనవడది. గింత పెద్దగుంటది."

ఫెబా తల్లి చేయి వదిలి, నవ్వుతూ, ఎడమ నుంచి కుడికి మళ్ళీ తల తిప్పడం మొదలుపెట్టింది.