కనకవ్వ చెప్పిన వయసు

చనిపోయినవాళ్లు తిరిగొస్తారంటే నేను నమ్మను. పన్నెండేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. చీటీ మీద రాసి ఉన్నదే ఇస్తాను, కళ్లతో చూసిందే చెబుతాను. ఇది కూడా చూసిందే కాబట్టి చెబుతున్నాను.

గోదావరిఖనిలో ఒక డాక్టరుగారి క్లినిక్‌ని ఆనుకుని ఉంటుంది మా మందుల దుకాణం. టీకాలు వేయడంలో శిక్షణ తీసుకున్నాను కాబట్టి, ఆయన రాసిన టీకాలు నేనే వేస్తుంటాను.

పోయిన వానాకాలం శారదక్క వచ్చింది. గని కార్మికుడి కూతురు. కాలనీలో బట్టలు కుడుతుంది. సర్పి రాకుండా టీకా కావాలంది. ఒంటికి ఒక పక్కన పొక్కులు లేచి, అవి మానినా నెలల తరబడి నరాలు మండే జబ్బు అది.

"మా అవ్వ గోస కండ్లార చూసిన చెల్లె. నాకది రావద్దు."

ఆధార్ కార్డు చూశాను. నలభై ఎనిమిదేళ్లు. ఆ టీకా యాభై నిండినవాళ్లకు. అంతకన్నా చిన్నవాళ్లకైతే, రోగనిరోధక శక్తిని తగ్గించే జబ్బేదైనా ఉంటేనే డాక్టరుగారు రాస్తారు. శారదక్కకు అలాంటిదేమీ లేదు.

"బడిల సారు అందాజగ రాసిండు. నాకు గంతకంటె ఎక్కువనే ఉంటయి."

"కాయితమేమన్న ఉన్నదా అక్కా?"

లేదన్నట్టు తలూపి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. నాకు మనసు చివుక్కుమంది. కానీ ఏం చేయగలను?

మర్నాడు పొద్దున పదకొండింటికి, వాన వెలిశాక, కౌంటరు దగ్గర ఒక ముసలమ్మ నిలబడి ఉంది. సన్నటి మనిషి. గడ్డం మీద పచ్చబొట్టు చుక్క. కూర్చోమని స్టూలు జరిపాను. కూర్చోలేదు.

"బిడ్డా, మా శారదకు యాభై నిండినయి. అది పుట్టిన చిట్టీ ట్రంకుపెట్టె మూతకు అతికిచ్చిన దేవుని పటం ఎన్క ఉన్నది. దానికి ఎర్కలేదు. జర చెప్పు."

"గట్లనే అవ్వా, ఇప్పుడే ఫోన్ చేస్త" అని, నంబరు కోసం రిజిస్టరు తిరగేసి తలెత్తేసరికి ఆమె లేదు.

శారదక్కకు ఫోన్ చేసి, మీ అవ్వ వచ్చి ఇలా చెప్పిందన్నాను. ఆమె టక్కున ఫోన్ పెట్టేసింది.

గంటకల్లా ఆటోలో వచ్చింది. చేతిలో పసుపుపచ్చబడ్డ కాగితం, ఆమె పుట్టిన దవాఖానలో ఇచ్చిన చీటీ. దాని ప్రకారం ఆమెకు యాభై ఒకటి నిండాయి. తన ఫోన్‌లో వాళ్లమ్మ కనకవ్వ ఫోటో చూపించింది. అదే ముఖం, గడ్డం మీద అదే చుక్క.

"అవ్వ పోయి ఏడాది దాటింది చెల్లె."

ఇద్దరం దుకాణం కెమెరా చూశాం. అది మందుల బీరువాల వైపే ఉంటుంది, కౌంటరు అవతలి మనుషులు అందులో పడరు. నేను స్టూలు జరపడం, తలూపడం మాత్రం కనిపించాయి. కనకవ్వ ఎప్పుడో మందులకు వచ్చి ఉండొచ్చు, ఆ ముఖం నాకు గుర్తుండి ఉండొచ్చు. మరి పటం వెనక కాగితం సంగతి? అది కూతురికే తెలియదు.

డాక్టరుగారు చీటీ చూసి టీకా రాశారు. సూది తీశాక శారదక్క అడిగింది. "అవ్వ కొంగు ఎట్ల కప్పుకున్నది?"

"రెండు బుజాల నిండ, గట్టిగ సుట్టుకున్నదక్కా."

ఆమె కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. చివరి మూడు నెలలు కనకవ్వ ఎడమ భుజానికి నూలుపోగు తగిలినా ఓర్చుకోలేకపోయిందట. కొంగు తగలకుండా కూతురే పక్కకు ఎత్తిపట్టుకుని కూర్చునేదట.

"అయితె ఇప్పుడు మంట లేదు" అంది, చెంపలు తుడుచుకుంటూ.

ఆ పొద్దున నేను మాట్లాడింది ఎవరితోనో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. శారదక్కకు మాత్రం ఆ అనుమానమే లేదు. రెండు నెలలకు రెండో డోసు కోసం వచ్చినప్పుడు, "అవ్వ మల్ల వచ్చిందా?" అని అడిగింది.

రాలేదన్నాను. కాసేపు తలుపు వైపు చూసి, జాకెట్టు చేయి పైకి మడిచింది.