మైకక్క పగ

బస్సు షెల్టరు ప్రారంభోత్సవం నాడు చైర్మన్ గారు మాట్లాడుతూ ఉండగా మైకు స్టాండు కిందికి దిగడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా కూలిపోయి ఉంటే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి పట్టుకునేవారు. అది అలాంటి పని చేయలేదు. వాక్యానికి కాస్త చొప్పున, పెద్దమనిషి తరహాలో, నెమ్మదిగా దిగింది. చైర్మన్ గారూ దానితోపాటే వంగారు. "మన ఊరు ఎవరి ముందూ తల వంచలేదు" అనే చోటికి వచ్చేసరికి వెనక వరసల వాళ్ళకి ఆయన బట్టతల తప్ప ఏమీ కనిపించడం లేదు. ప్రసంగం అయ్యాక ఆయన్ని నిటారుగా నిలబెట్టడానికి ఇద్దరు కౌన్సిలర్లు చెరో రెక్కా పట్టుకోవలసి వచ్చింది.

వేదిక పక్కన ఆంప్లిఫయరు పెట్టె ముందు కూర్చున్న మైకక్క తలెత్తలేదు. "మర వదులైందండీ, పాతది కదా" అంది తర్వాత. మర వదులైన మాట నిజమే. దాన్ని వదులు చేసిందెవరని ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆమె అసలు పేరు ఒక్కోసారి ఆమె భర్తకే తట్టదు. స్టేషను వెనక సందులో తండ్రి పెట్టిన మైకు సెట్టు షాపు ఇప్పుడు ఆమెది. గోడ నిండా వైరు చుట్టలు, కప్పు నుంచి వేలాడే హారన్లు, ఎప్పుడూ ఏదో ఒకటి విప్పి ఉన్న బల్ల. వార్డు సభ అయినా, బడి వార్షికోత్సవం అయినా, నీళ్ళు రావని ఊరంతా తిరిగి చెప్పాలన్నా ఆ సెట్టే దిక్కు. భర్త స్తంభాలెక్కి వైర్లు లాగుతాడు. భయస్థుడు. కరెంటుకి కాదు, భార్యకి.

ఊరు మరీ పాతదేం కాదు. పక్కనున్న నగరంలో ఇరుకు భరించలేనివాళ్ళు వచ్చి పడ్డ చోటు. పట్టాలు ఊరి నడి మధ్య నుంచే పోతాయి గానీ అప్పట్లో బండి ఆగేది కాదు. పనులకి వెళ్ళేవాళ్ళంతా పొద్దున్నే పట్టాల కంకర మీద పడి తర్వాతి స్టేషనుకి నడిచేవారు. బండి వాళ్ళ పక్క నుంచే, వాళ్ళ మొహాన దుమ్ము కొట్టి వెళ్ళిపోయేది. అర్జీలు పెట్టగా పెట్టగా ఒకరోజు రైల్వే పెద్దాఫీసరు వచ్చాడు. పట్టాల పక్కనే సభ. మాట్లాడవలసింది ఇప్పటి చైర్మనే, అప్పటి కుర్ర నాయకుడు. మైకక్క ఇంట్లో మనిషిలా తిరిగినవాడు, వాళ్ళ నాన్నని నోరారా "అన్నయ్యా" అని పిలిచినవాడు. ఆఫీసరు కారు దిగేసరికి ఈ కుర్ర నాయకుడికి గొంతు తడారిపోయింది. "సభకు నమస్కారం" దగ్గరే ఆగిపోయి మంచినీళ్ళు అడిగాడు.

అంతలో బండి వస్తున్న చప్పుడు. మైకక్క నాన్న లేచి, కుర్ర నాయకుడి చేతిలోంచి మైకు తీసుకుని పట్టాల వైపు తిప్పి పట్టుకున్నాడు. ఊళ్ళో ఉన్న హారన్లన్నీ ఒక్కసారి రైలై మోగాయి. ఆఫీసరు చెవులు మూసుకున్నాడు. బండి దాటిపోయాక నాన్న మైకు నోటి దగ్గర పెట్టుకుని, "రోజూ మాకు వినబడేది ఇదండీ, ఎక్కడానికే లేదు" అని తిరిగి ఇచ్చేశాడు. వానలు మొదలయ్యేలోపు బండి ఆగడం మొదలైంది.

తర్వాత ఆ కథ ఏటేటా ఊరి పుట్టినరోజు సభలో చెప్పడం ఆనవాయితీ అయింది. చెప్పేది చైర్మనే. మొదట్లో "మేమంతా" అనేవారు. కొన్నాళ్ళకి "మా బృందం" అన్నారు. కథలోంచి ఒక్కో మనిషీ దిగిపోతూ వచ్చాడు. చివరికి నాన్న కూడా దిగిపోయి, మైకు రైలు వైపు తిప్పినవాడు చైర్మనే అయి కూర్చున్నాడు. "పోనీలేవే, బండి ఆగుతోందిగా" అనేవాడు నాన్న. అలా అంటూనే పోయాడు. అమ్మ మాత్రం పోనీలే అనలేదు. మోకాళ్ళ నొప్పులతో సభకి రాలేక, సందు చివరి స్తంభానికి కట్టిన హారన్ కేసి చెవి పెట్టి వరండాలో కూర్చునేది. కూతురు ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న.

"నాకే సరిగ్గా వినపడలేదా, వాడు మీ నాన్న పేరు అనలేదా?"

"అనలేదమ్మా."

ఈ ఏడు పుట్టినరోజు సభకి స్టేషను ముందు శిలాఫలకం వేస్తున్నారు, స్టేషను సాధించిన మహనీయుడని చైర్మన్ గారి పేరుతో. మైకక్క నేరుగా ఆయన ఇంటికి వెళ్ళింది.

"బాబాయ్, రాయి మీద మీరే ఉండండి. మైకులో మాత్రం నాన్న పేరు ఒక్కసారి అనండి. అమ్మ వింటుంది."

"అననా అమ్మాయ్, మీ నాన్న నాకు పరాయివాడా? వందన సమర్పణలో పెట్టిస్తాలే. టెంటు వాళ్ళ తర్వాత."

ఆ టెంటు వాళ్ళ తర్వాత అన్న మాట ఆమెకి ముల్లులా దిగింది. బస్సు షెల్టరు సభ ఆ మర్నాడే.

"స్టాండుతో కసి తీరలేదా?" అన్నాడు భర్త వైర్లు చుడుతూ.

"అది నడుముకి. నోరు అలాగే ఉందిగా."

"ఆయన తలుచుకుంటే మనకి సభలుండవే."

"నీకు స్తంభాలు ఎక్కే బాధ తప్పుతుంది. ఆ వైరు ఇటివ్వు."

పుట్టినరోజు సభ నాడు స్టాండు గుంజలా నిలబడింది. చైర్మన్ గారు రెండుసార్లు ఊపి చూసి తృప్తి పడ్డారు. చూడవలసింది అది కాదు. మైకక్క చెయ్యి పెట్టె మీద, అన్న మాటనే మళ్ళీ మళ్ళీ మోగించే ఎకో మర దగ్గర ఉంది. పాటల కచేరీలకి తప్ప దాని జోలికి వెళ్ళని మనిషి ఆరోజు నిండా తిప్పి కూర్చుంది.

"ఈ ఊరికి నేను చేయనిది లేదు" అన్నారు చైర్మన్ గారు.

"లేదు... లేదు... లేదు" అన్నాయి హారన్లు.

ముందు వరసలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నా మాట అబద్ధమని ఎవరైనా అనగలరా?"

"అనగలరా... గలరా... గలరా."

"గలం" అంది వెనక నుంచి ఒక ఆడగొంతు.

ఇక జనం చివరి ముక్క కోసమే కాచుకున్నారు.  చైర్మన్ గారు ఎలాగైనా కథలో పడితే గట్టెక్కుతానని రైలు దగ్గరికి వచ్చేశారు.

"ఆరోజు మైకు పట్టాల వైపు తిప్పింది నేను కాక ఇంకెవరు?"

"ఇంకెవరు... కెవరు... ఎవరు" అని హారన్లు ఊరంతా అడిగాయి.

కంకర మీద నడిచి నడిచి కాళ్ళు వంకరపోయిన ముసలి దర్జీ కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "నువ్వు కాదులేవోయ్. మైకాయన. నువ్వు మంచినీళ్ళు అడిగావు."

సభంతా గొల్లుమంది. కానీ దర్జీ చేతిలో మైకు లేదు. ఆ మాట కుర్చీలు దాటి పోలేదు. అమ్మ వినే సందు చివరి హారన్ దాకా అసలు పోలేదు. ఆ సంగతి మైకక్కకి తెలుసు. అందుకే ఆమె నవ్వలేదు, ఎకో తగ్గించలేదు.

చైర్మన్ గారు మైకుని అరచేత్తో మూసి ఆమె మీదకి వంగారు. "ఏం అమ్మాయ్, నేనేం చెప్పినా చివరి ముక్కే మోగుతోంది. నలుగురిలో నా పరువు తీస్తున్నావు."

"అయితే చివర మా నాన్నని పెట్టండి బాబాయ్, ఆయనే మోగుతాడు."